ఘంటసాల నడిమధ్యన పాడాలి

2024 మే 26, ఆదివారం. నాందేడ్

మేనల్లుడు డాలస్ నుంచి తెచ్చి ఇచ్చిన పెట్టె ఇవాళ విప్పాను. సెన్‌హైజర్ హెచ్‌డీ 6ఎక్స్‌ఎక్స్ హెడ్‌ఫోన్. 2003లో వచ్చిన హెచ్‌డీ 650కే పేరూ రంగూ మార్చి 2016లో మాస్‌డ్రాప్ అనే అమెరికా కంపెనీ తక్కువ ధరకు అమ్మడం మొదలుపెట్టిన సరుకు. చెవుల మీద మెత్తగానే కూర్చుంది. వెనకంతా జాలీ. లోపలి పాట బయటికి పోతుంది, బయటి చప్పుడు లోపలికి వస్తుంది. నాందేడ్‌లో మే ఆఖర్న కూలర్ ఆపి కూర్చోవడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. కాబట్టి ఇవాళ విన్నది సగం పాట, సగం కూలరు.

ఫోనుకు తగిలించి చూశాను. బాగానే వినపడుతోంది. కానీ నా పాటలు ఫోనులో లేవు, సీడీల్లో ఉన్నాయి. సుల్తాన్‌బజార్‌లో కొన్నవి, నిజామాబాద్‌లో కొన్నవి, తిరుపతి పోయినప్పుడల్లా తెచ్చుకున్నవి. సీడీ ప్లేయరుకేమో వెనక ఎరుపొకటి, తెలుపొకటి సాకెట్లు తప్ప హెడ్‌ఫోన్ పెట్టుకోవడానికి చోటే లేదు. ఆ సాకెట్ల నుంచి వచ్చే సిగ్నల్ 2 వోల్టుల దాకా ఉంటుంది గానీ దానికి వాల్యూం ఉండదు, హెడ్‌ఫోన్‌ను నడిపే సత్తా ఉండదు. మధ్యలో ఒక ఆంప్ ఉండాల్సిందే.

నౌకరీ అంతా రైల్వే టెలికాంలో ఆంప్లిఫయర్లు విప్పి బిగించడంతోనే గడిచింది. ఇంటికోసం మాత్రం హెడ్‌ఫోన్ ఆంప్ ఒక్కటి కొన్న పాపాన పోలేదు.

"మంచం కింద పాతది ఉంది గదా" అంది మా ఆవిడ. ఉంది. రేపో ఎల్లుండో దుమ్ము దులపాలి.

మే 29

పాత స్టీరియో ఆంప్‌ను బయటికి తీశాను. ముందువైపు పెద్ద హెడ్‌ఫోన్ సాకెట్ ఉంది. పెడితే పలుకుతోంది కూడా. మరి ఇంకొకటి ఎందుకు?

కొలిచి చూస్తే తెలిసింది. 200 హెర్ట్జ్ స్వరం పెట్టి, సాకెట్ ఖాళీగా ఉన్నప్పుడు మల్టీమీటర్లో 1 వోల్టు వచ్చేలా వాల్యూం తిప్పాను. తర్వాత 33 ఓముల రెసిస్టర్ అడ్డం పెట్టాను. వోల్టు కాస్తా 0.09కి పడిపోయింది. అంటే సాకెట్ వెనక 330 ఓముల రెసిస్టర్ కూర్చుని ఉంది. మూత విప్పితే నిజంగానే ఉంది, నారింజ నారింజ గోధుమ చారలతో. ఆ కాలపు ఆంప్‌లలో చాలావాటికి ఇదే పద్ధతి. స్పీకర్లకు పోయే లైన్లోంచే ఒక పాయ తీసి, రెసిస్టర్ అడ్డం పెట్టి హెడ్‌ఫోన్ సాకెట్‌కు ఇచ్చేస్తారు. హెడ్‌ఫోన్ కోసం వేరే సర్క్యూట్ కట్టాల్సిన ఖర్చు తప్పుతుంది.

దానివల్ల నష్టం సౌండు తగ్గడం కాదు, సౌండు మారడం. నా హెడ్‌ఫోన్ మీద 300 ఓములు అని ఉంటుంది గానీ అన్ని స్వరాలకూ అది 300 కాదు. కింది స్వరాల్లో, 100 హెర్ట్జ్ దరిదాపుల్లో, 500కి దగ్గరగా లేస్తుంది. సాకెట్ వెనక 330 ఉన్నప్పుడు 300 దగ్గర వోల్టేజిలో సగానికి తక్కువ అందుతుంది, 500 దగ్గర అరవై శాతం అందుతుంది. తేడా 2 డెసిబెల్స్. అంటే మృదంగం తొప్పి వైపు దెబ్బ ఉన్నదానికన్నా లావుగా వినపడుతుంది. కొందరికి అదే నచ్చుతుంది, కాదనను. ఒక అన్నమయ్య కీర్తనలో నాకూ నచ్చింది. వీణ పెడితే మాత్రం మందర తీగ మిగతా తీగల మీద పడి తొక్కేస్తోంది.

హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు కన్నా ఆంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ తక్కువ ఉండాలని ఒక లెక్క వాడుకలో ఉంది. 300కి 37. అంత వెసులుబాటు ఉన్నా ఈ 330 ఏ మూలా సరిపోదు.

ఇది రాస్తుండగానే కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద పాత ఆంప్ జుయ్యిమంటోంది. మాది చౌక ఇన్వర్టర్, చదరపు అలది. ఫ్యాను కూడా అదే రాగం అందుకుంటుంది. కొనబోయేది ఏదైనా మరాఠ్వాడా కరెంటుకు, ఈ ఇన్వర్టర్‌కు తట్టుకోవాలి. ఏ కంపెనీ కాగితంలోనూ ఈ సంగతి రాసి ఉండదు.

జూన్ 2, ఆదివారం

ఊళ్ళో వజీరాబాద్ బజారుకు పోయాను. హెడ్‌ఫోన్ ఆంప్ అంటే కొట్టు అతను బ్లూటూత్ స్పీకర్ తీసి బల్లమీద పెట్టాడు. కాదు భావూ, హెడ్‌ఫోన్‌కు పెట్టేది అంటే గేమింగ్ హెడ్‌సెట్ తీశాడు, లైట్లు వెలిగేది. "బాస్ దేఖో సాబ్" అంటూ నా చెవులకు పెట్టేశాడు కూడా. వద్దంటే చిన్నబుచ్చుకుంటాడని కాసేపు విన్నాను.

అతని తప్పేం లేదు. ఈ ఊళ్ళో అడిగేవాళ్ళు ఎవరు? హజూర్ సాహిబ్ గురుద్వారాకు వచ్చే యాత్రికులు ఛార్జర్లు అడుగుతారు, ఇంజనీరింగ్ పిల్లలు ఇయర్‌బడ్స్ అడుగుతారు. అతని షెల్ఫులో ఒక పాత కంప్యూటర్ స్పీకర్ల డబ్బా కనపడింది, దాని మీద వేలల్లో పీఎంపీఓ వాట్లు. ఇరవై రూపాయల అడాప్టర్ మీద నడిచే డబ్బాకు వేల వాట్లు ఎక్కడివని ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు. ఇప్పుడు హెడ్‌ఫోన్ ఆంప్‌ల ప్రకటనల్లో మిల్లీవాట్లు చూస్తుంటే నాకు ఆ డబ్బాలే గుర్తొస్తున్నాయి. అంకెలు నిజమైనవే కావచ్చు. అవి ఎవరికి కావాలన్నదే సంగతి.

జూన్ 5

టెస్ట్ రూంలో మధ్యాహ్నం పని తక్కువ. కాగితం మీద లెక్క వేశాను.

మా టెలికాం వాళ్ళకు డెసిబెల్ కొత్త కాదు. 600 ఓముల లైను మీద 1 మిల్లీవాట్ అంటే మాకు సున్నా, వోల్టుల్లో 0.775. రైళ్ళ కంట్రోలర్ చెవికి అందే మాట ఎంత తగ్గిందో, ఎక్కడ తగ్గిందో ఆ సున్నా నుంచే లెక్కపెడతాం. హెడ్‌ఫోన్ వాళ్ళు సున్నాను వేరే చోట పెట్టుకున్నారు, అంతే తేడా.

నా హెడ్‌ఫోన్‌కు 1 వోల్టు ఇస్తే 103 డెసిబెల్స్ మోత. నేను వినేది రాత్రి పదకొండు తర్వాత, పక్కగదిలో అందరూ పడుకున్నాక. వానలు పడి కూలర్ మూలకు చేరిన తర్వాత నాకు సగటున 70 డెసిబెల్స్ ధారాళం. 103 నుంచి 70కి దిగాలంటే 33 తగ్గాలి. 20 తగ్గితే వోల్టేజి పదో వంతు. ఇంకో 13 తగ్గితే అందులో నాలుగో వంతు కన్నా కాస్త తక్కువ. మొత్తం 22 మిల్లీవోల్టులు.

సగటు ఒక్కటే చూస్తే కుదరదు. పాడేవాళ్ళు తారస్థాయికి పోతారు, తనియావర్తనంలో దెబ్బలు పడతాయి. వాటికి ఇంకో 20 కలుపుకున్నా 90 డెసిబెల్స్, 0.22 వోల్టు. పవరుగా మారిస్తే ఒక మిల్లీవాట్‌లో ఆరో వంతు. ప్రకటనల్లో 1000 మిల్లీవాట్లని గొప్పగా వేసుకుంటున్నారు. నాకు కావాల్సినదానికి ఆరు వేల రెట్లు.

పోనీ ఎప్పుడైనా గట్టిగా విందామనుకుంటే? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ గంటలు సగం అవుతాయి. ఇంజన్ హారన్ల పక్కన ముప్పై ఏళ్ళు తిరిగిన చెవులివి. మిగిలినవాటిని అయినా కాపాడుకోవాలి.

మరి ఆ 1000 మిల్లీవాట్లు ఎవరికి? మా బావమరిది దగ్గర హైఫైమాన్ హెచ్‌ఈ400ఎస్‌ఈ ఉంది. ప్లానార్ అంటారు వాటిని. 25 ఓములు, మిల్లీవాట్‌కు 91 డెసిబెల్స్. అదే 90 డెసిబెల్స్ రావాలంటే దానికి 0.14 వోల్టు చాలు, నాదానికన్నా తక్కువే. కానీ కరెంటు 5.6 మిల్లీఆంపియర్లు లాగుతుంది, నాది 0.7తో సరిపెట్టుకుంటుంది. ఒకదానికి వోల్టులు కావాలి, ఇంకోదానికి ఆంపియర్లు. "ఏ ఆంప్ మంచిది" అని అడిగేవాణ్ణి ముందు నీ హెడ్‌ఫోన్ ఏదని అడగాలి. అది చెప్పకుండా ఆంప్ పేరు చెప్పేవాడి మాట వినక్కర్లేదు.

జూన్ 9

బావమరిది నిజామాబాద్ నుంచి ఫోన్ చేశాడు. విషయం చెప్పాను.

"బావా, నువ్వు గిట్ల లెక్కలేసుకుంట కూసుంటే దసరా వస్తది. నేను తీసుకున్న పెద్దది తీసుకో. దునియాల ఏ హెడ్‌ఫోనైనా నడుపుతది."

"వాల్యూం ఎంతలో పెట్టి వింటున్నవ్?"

"గిట్ల కొంచెం ముట్టుకుంటె సాలు, దద్దరిల్లుతది."

"ముట్టుకుంటె దద్దరిల్లే దాన్ని రాత్రి పూట ఎట్ల వింటవ్?"

కాసేపు మాట లేదు. తర్వాత నవ్వి, అక్కకు ఫోన్ ఇవ్వమన్నాడు.

వాడు యథాలాపంగా అన్న ఆ మాట మాత్రం నన్ను పట్టుకుంది. నాబ్ పైకొసన ఎంత బలముందో అందరూ చెబుతున్నారు. కింది కొసన ఎలా ఉంటుందో ఎవరూ చెప్పరు. నేను బతికేది కింది కొసనే.

జూన్ 15, శనివారం. సికింద్రాబాద్

చుట్టాల పని మీద దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చాను. ధర్మాబాద్ దాటితే బాసర, బాసర దగ్గర గోదావరి వంతెన. నాందేడ్‌లో రోజూ చూసే గోదావరే. మా పెట్టెలో ధర్మాబాద్ దాకా మరాఠీ మాట్లాడిన ఇద్దరు ముసలాళ్ళు బ్రిడ్జి మీద తెలుగులోకి దిగారు. వాళ్ళది బిలోలి దగ్గర పల్లె, ఇంట్లో తెలుగే అట. 1956 దాకా ఇదంతా ఒకే హైదరాబాద్ రాష్ట్రం. రైల్వే వాళ్ళకు ఇప్పటికీ పెద్ద ఆఫీసు సికింద్రాబాదే.

ఆదివారం కోఠి మూత పడుతుందని శనివారమే పని ముగించుకున్నాను. ముందు సికింద్రాబాద్‌లో హెడ్‌ఫోన్లు తగిలించి వినిపించే ఒక కొట్టుకు వెళ్ళాను. నా హెడ్‌ఫోన్, నా సీడీలు, ఒక చిన్న సీడీ ప్లేయర్ సంచీలో పెట్టుకుపోయాను. కుర్రవాడు సీడీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

మొదట ఘంటసాల పెట్టాను. ఏదో అభిమానం కొద్దీ కాదు. ఆయన 1974లో పోయారు. ఆయన పాడిన సినిమా పాటలు దాదాపు అన్నీ మోనో. ఎడమ చెవికీ కుడి చెవికీ ఒకటే సిగ్నల్. రెండూ సమానంగా అందితే ఆయన నెత్తి లోపల సరిగ్గా మధ్యన నిలబడి పాడతాడు. ఒక వైపు 1 డెసిబెల్ తగ్గినా చాలు, పక్కకు జరుగుతాడు. ఇప్పటి స్టీరియో పాటలో గిటారు ఒకపక్క, కీబోర్డు ఒకపక్క ఉంటాయి కాబట్టి ఈ తేడా దొరకదు. పాత మోనో పాట ముందు ఏ ఆంప్ దాక్కోలేదు.

కుర్రవాడు పెట్టిన మొదటి ఆంప్ పెద్దది, నల్లది, బరువైనది. వాల్యూం నేను రాత్రి వినేంతకు దించాను. నాబ్ మొదలు నుంచి వేలి మందం కూడా కదల్లేదు. ఘంటసాల ఎడమ చెవికి అతుక్కుని పాడుతున్నాడు. హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకున్నాను, కుడికి వచ్చాడు. అంటే తప్పు చెవిది కాదు.

"కొంచెం వాల్యూం పెంచండి సార్, సెంటర్‌కు వస్తుంది" అన్నాడు కుర్రవాడు. నిజమే, పెంచితే వచ్చాడు. కానీ ఇంట్లో పెంచితే జాలీలోంచి బయటికి పోయి మా ఆవిడ లేస్తుంది.

దీని మర్మం చిన్నదే. వాల్యూం నాబ్ కింద ఒకే ఇరుసు మీద రెండు కార్బన్ పట్టీలుంటాయి, ఎడమకొకటి, కుడికొకటి. రెండూ అచ్చు ఒకేలా ఉండవు. నాబ్ మధ్యలో ఉన్నప్పుడు తేడా తెలీదు. బాగా కిందికి దించినప్పుడు మాత్రం, పాడైన కుళాయిని సన్నధారకు తిప్పితే ఒక్కసారి ఆగి ఒక్కసారి చిమ్మినట్టు, ఒక పట్టీ ముందు పలుకుతుంది, రెండోది వెనకబడుతుంది. ఆంప్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే రెట్లు) ఎంత ఎక్కువైతే నాబ్‌ను అంత కిందికి దించాలి. అంటే బలం కోసం డబ్బు పెట్టి, ఆ బలాన్ని అణచిపెట్టడానికి నాబ్‌లో అన్నిటికన్నా పనికిమాలిన చోటుకు చేరుతున్నామన్నమాట.

రెండోదానికి వెనక గెయిన్ స్విచ్ ఉంది. తక్కువలో పెడితే ఘంటసాల కొంచెం మధ్యకు జరిగాడు. మూడోదానిలో నాబ్ లోపల కార్బన్ లేదు, టకటకమంటూ రిలేలు మారతాయి. ఎంత దించినా మనిషి అంగుళం కదల్లేదు. ధర వినగానే నేనే కదిలాను.

చిట్టిబాబు వీణ కూడా పెట్టి చూశాను. మీటిన తర్వాత నాదం సన్నగిల్లి ఆగిపోయే చోట ఆంప్ లోపలి బుస బయటపడుతుంది. భీంసేన్ జోషి సీడీతో ఈ పరీక్ష కుదరదు. వెనక తంబూరా ఎడతెగకుండా మోగుతుంటుంది, బుసైనా హమ్ అయినా అందులో కలిసిపోతుంది. మూడు ఆంప్‌లూ ఈ పరీక్షలో నెగ్గాయి. ఈ కాలంలో బుస కొట్టే ఆంప్ దొరకడమే కష్టం. కాబట్టి చూడాల్సింది నాబే.

జూన్ 16. తిరుగు బండిలో

నిన్న సాయంత్రం కోఠి గుజరాతీ గల్లీలో తిరిగాను. ఐసీలు, ట్రాన్స్‌ఫార్మర్లు, నాబ్‌లు, పిన్నులు. ఆ సందులోకి అడుగుపెడితే నా వయసు పాతికేళ్ళు తగ్గుతుంది. అక్కడే అనిపించింది, కొనడమెందుకు, కట్టుకుంటే పోలా?

జూన్ 22

కట్టుకోవడానికి రెండు దారులు కనపడుతున్నాయి.

ఒకటి సీమాయ్. చూ మాయ్ అనే ఆయన 1990ల చివర్లో అందరికీ పంచిన డిజైను. ఒక ఆప్-ఆంప్, ఒక 9 వోల్టుల బ్యాటరీ, గుప్పెడు విడిభాగాలు. పిప్పర్‌మెంటు రేకు డబ్బాలో పట్టేస్తుందని లోకమంతా పేరు. ఒక్క పూటలో అయిపోతుంది. ఒకే బ్యాటరీని రెండుగా చీల్చి మధ్యలో కృత్రిమంగా గ్రౌండ్ పుట్టిస్తుంది. నాకు ఆ పద్ధతి నచ్చదు. కుర్రవాళ్ళు నేర్చుకోవడానికి బాగుంటుంది.

రెండోది ఆబ్జెక్టివ్2, అంతా ఓ2 అంటారు. 2011లో ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో ఒక ఇంజనీరు బయటపెట్టాడు. అసలు పేరు చెప్పలేదు. సర్క్యూట్, బోర్డు ఫైళ్ళు, కొలతలు, ఏ భాగం ఎందుకు పెట్టాడో ఒక్కొక్కదానికీ కారణం, అన్నీ ఉచితంగా ఇచ్చేశాడు. ఖరీదైన ఆంప్‌ల అమ్మకందార్లు చెప్పే కబుర్లను మీటరు పెట్టి కొలిచి నిలదీశాడు. 2012లో చప్పుడు లేకుండా మాయమయ్యాడు. మళ్ళీ కనపడలేదు. ఎందుకు పోయాడన్నదానికి కథలు చాలా ఉన్నాయి. నాకు ఆ కథలతో పని లేదు, కొలతలు మిగిల్చి పోయాడు, చాలు.

సర్క్యూట్ చదువుతుంటే మా పాత గురువు ఎవరో కట్టినట్టుంది. ఆర్భాటమే లేదు. గెయిన్‌కు ఎన్‌జేఎం2068, అవుట్‌పుట్‌కు చెవికొకటి చొప్పున ఎన్‌జేఎం4556. 4556లో రెండు ఆంప్‌లుంటాయి. రెంటినీ చెరో 1 ఓము రెసిస్టర్‌తో కలిపి ఒక చెవికి ఇచ్చాడు. అవుట్‌పుట్ ఇంపెడెన్స్ అర ఓము. నా పాతదాని 330 ఎక్కడ, ఇదెక్కడ! పవర్ కోసం 7812, 7912. గుజరాతీ గల్లీలో ఎవరిని అడిగినా తీసి ఇచ్చే సరుకు.

నన్ను కట్టిపడేసినవి మాత్రం రెండు. ఒకటి, డబ్బా లోపల రెండు 9 వోల్టుల ఛార్జింగ్ బ్యాటరీలు. కరెంటు పోతే బ్యాటరీ మీద నడుస్తుంది, నా ఇన్వర్టర్ జుయ్యిమన్నా దీనికి అక్కర్లేదు. మొబైల్ ఛార్జర్లతో నడిచే చిన్న ఆంప్‌లు చాలా ఉన్నాయి గానీ ఈ సౌకర్యం ఉన్నవి తక్కువ.

రెండోది గెయిన్. మామూలుగా 2.5 రెట్లు, 6.5 రెట్లు పెట్టాడు, స్విచ్ నొక్కితే మారుతుంది. ఆ రెండు అంకెలూ ఒక్కో రెసిస్టర్ మీద ఆధారపడతాయి. 1500ను ఆ రెసిస్టర్ విలువతో భాగించి 1 కలిపితే గెయిన్. 1000 ఓములు పెడితే 2.5. 274 పెడితే 6.5. అసలు పెట్టకపోతే 1.

గెయిన్ 1 చాలు నాకు. సీడీ ప్లేయర్ 2 వోల్టులు ఇస్తుంది, పూర్తిగా తిప్పితే 109 డెసిబెల్స్, ఈ జన్మకు అక్కర్లేనంత. రాత్రి నాకు కావాల్సిన 0.22 వోల్టుకు నాబ్ 19 డెసిబెల్స్ మాత్రమే తగ్గిస్తే చాలు, అంటే దాదాపు సగం తిప్పిన చోటు. అదే పది రెట్ల గెయిన్ ఉన్న పెద్ద ఆంప్‌లో 39 తగ్గించాలి. ఘంటసాల ఎడమ చెవికి అతుక్కున్నది అక్కడే.

స్విచ్ ఒకవైపు రెసిస్టర్ పెట్టకుండా వదిలి, రెండోవైపు 2.5 ఉంచడమే నా ఎంపిక. ఇంత తిరిగింది ఒక విడిభాగం మానేయడానికా అని మా ఆవిడ నవ్వింది. నవ్వనీ.

జూలై 7, ఆదివారం

ఫైళ్ళు పంపితే బోర్డు వేసి పంపేవాళ్ళ దగ్గర్నుంచి పచ్చ బోర్డు వచ్చింది. ఐసీలు హైదరాబాద్ నుంచి పార్సెల్. 4556లు చూడగానే అనుమానం వచ్చింది, మీద అచ్చు వేలితో రుద్దితే చెరిగేలా ఉంది. పాత ఐసీ మీద అక్షరాలు గీకి కొత్త పేరు అచ్చేసే కళ మన దేశంలోనూ, బయటా బాగానే సాగుతోంది. పక్కన పెట్టి, నమ్మకమైన చోటు నుంచి బిల్లుతో మళ్ళీ తెప్పించాను. ధర మూడింతలు. ఈ ఒక్కదాని దగ్గర కక్కుర్తి పడకూడదు.

దీనికి కావాల్సిన అడాప్టర్ డీసీది కాదు, ఏసీది. అలాంటిది అంగట్లో అడిగితే నా మొహం చూస్తారు. 15 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, ఫ్యూజు పెట్టి నేనే చేసుకున్నాను.

పైపెట్టె అల్యూమినియంది. ఆఫీసు స్టోర్లో సరిగ్గా సరిపోయేవి దుమ్ము పట్టి ఉన్నాయి. వాటి వైపు చూస్తేనే ఆడిట్ వాళ్ళు కలలోకి వస్తారు. వజీరాబాద్‌లో కొన్నాను.

జూలై 13

రాత్రి బిగించడం పూర్తయింది. ఎంత ఆత్రమున్నా హెడ్‌ఫోన్ పెట్టలేదు. ముందు మల్టీమీటర్ పెట్టి అవుట్‌పుట్‌లో డీసీ చూశాను. ఎడమ 2 మిల్లీవోల్టులు, కుడి 3. సరే. ఎక్కడో ఒక్క సోల్డర్ తప్పి 10 వోల్టుల డీసీ వస్తే మేనల్లుడి కానుక పాడైపోవచ్చు. తర్వాత వంద రూపాయల ఇయర్‌ఫోన్ పెట్టి విన్నాను. అదీ బతికింది. అప్పుడు అసలుది.

ఘంటసాల నడిమధ్యన ఉన్నాడు. నాబ్ సగానికి కొంచెం ఇవతల. కిందికి దించుకుంటూ పోయాను. గుసగుసంత అయ్యేదాకా కదల్లేదు, ఆ తర్వాత కొంచెం కుడికి ఒరిగాడు. మీటరు పెట్టి చూస్తే అక్కడ తేడా ఒకటిన్నర డెసిబెల్. నేను వినే చోట అందులో పదో వంతు. అంత చిన్న గుసగుస వినాల్సిన అవసరం నాకు లేదు.

వీణ ఆగిన చోట నిశ్శబ్దమే. మందర తీగ తన హద్దులో తను ఉంది. ఆంప్ అడాప్టర్ స్విచ్ ఆపాను. బ్యాటరీ మీదికి మారిన సంగతి చెవికి తెలియలేదు.

జూలై 16

ఆఫీసులో సర్దార్‌జీ చూస్తానంటే పట్టుకుపోయాను. గురుద్వారాలో రోజూ కీర్తన్ వినే మనిషి, తబలా వాయించే చెయ్యి. తన రికార్డింగ్ పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నాడు. బాయా మీద మణికట్టు జారినప్పటి ఊపు సరిగ్గా వచ్చిందన్నాడు. బాస్ ఎక్కువ ఉందా తక్కువ ఉందా అని అడిగాను. "జితనా బజాయా, ఉతనా" అన్నాడు.

తర్వాత ఎంతయిందని అడిగాడు. బోర్డు, పెట్టె, ట్రాన్స్‌ఫార్మర్, మళ్ళీ కొన్న ఐసీలు, బ్యాటరీలు అన్నీ కలిపి చెప్పాను. ఇంతకన్నా కొంచెం ఎక్కువ పెడితే తయారుగా దొరికేది కదా అన్నాడు. దొరుకుతుంది. సోల్డరింగ్ చేతకానివాడు అలాగే కొనుక్కోవాలి, గెయిన్ తక్కువ పెట్టుకునే స్విచ్ ఉన్నదాన్ని, తన పాత మోనో పాట పట్టుకుపోయి, రాత్రి వినేంత వాల్యూంలో విని. ఈ మాట సర్దార్‌జీతోనూ అన్నాను.

జూలై 21, ఆదివారం

బావమరిది వచ్చాడు, తన ప్లానార్ హెడ్‌ఫోన్ మెళ్ళో వేసుకుని. సీడీ ప్లేయర్‌తో గెయిన్ 1లోనే వాడిది హాయిగా పలికింది. ఫోను తగిలించేసరికి చాలలేదు, ఫోను ఇచ్చేది అర వోల్టే. స్విచ్ రెండోవైపు 2.5 ఉంచాను కదా, నొక్కుకున్నాడు. చాలాసేపు తీయలేదు.

"బావా, నాకొకటి కట్టియ్యి" అన్నాడు.

"నీ పెద్దది ఏం జేస్తవ్?"

"అమ్ముత. అది స్టేజి మీదికి పనికొస్తది, మంచం మీదికి కాదు."

4556లు బిల్లుతో తెమ్మన్నాను, బోర్డు నా దగ్గర ఇంకొకటి ఉంది. వాడు ఎక్కువగా ఫోను మీదే వింటాడు కాబట్టి వాడిదాంట్లో ఒక్కో చెవికి 1000 ఓములది ఒకటి, 274ది ఒకటి రెండూ బిగించాలి.